సిల్క్ ప్రెస్ కుదరడం లేదా? ఐరన్ వేడి పెంచకముందే చూడాల్సినవి

సిల్క్ ప్రెస్ అంటే రసాయనాలు లేకుండా, బ్లో డ్రయర్‌తో, ఆ తర్వాత వేడి ప్లేట్లున్న హెయిర్ ఐరన్‌తో చుట్ల జుట్టును తాత్కాలికంగా తిన్నగా చేయడం. రిలాక్సర్ (చుట్లను శాశ్వతంగా తిన్నబరిచే రసాయనం) పడని, బిగుతైన చుట్లున్న ఆఫ్రికన్ అమెరికన్ జుట్టుకు (సెలూన్ల భాషలో 4ఏ నుంచి 4సీ దాకా) సిల్క్ ప్రెస్ చేసేవాళ్ల కోసం ఇది. సెలూన్లో పని నేర్చుకుంటున్నవాళ్లకైనా, ఇంట్లో భార్యకో కూతురికో చేసేవాళ్లకైనా ఒకటే. పాయలు విడదీయడం, చిక్కు తీయడం, ఐరన్ పట్టడం వచ్చనుకునే రాస్తున్నాను. ఒక్క విషయం: మన తెలుగువాళ్లలో చాలామంది జుట్టు మీద అలవాటైన చెయ్యి ఇక్కడ పనికిరాదు. ఈ వెంట్రుకను అడ్డంగా కోసి చూస్తే గుండ్రంగా కాక కోలగా ఉంటుంది. మెలి తిరిగిన ప్రతిచోటా బలహీనమే. మాడు మీది జిడ్డు ఆ చుట్లన్నీ దాటి చివర్ల దాకా దిగదు.

ఫిర్యాదు ఏదైనా సరే, ముందు మూడు ప్రశ్నలు. జుట్టు కుదుళ్లతో సహా పూర్తిగా ఆరిందా? ఐరన్ ప్లేట్లు తుడిచారా? ఇన్నాళ్లూ రాసిన బటర్లు, నూనెలు నిజంగా వదిలాయా? ఈ మూడూ వదిలేసి నేరుగా 450 డిగ్రీలకు తిప్పేవాళ్లే ఎక్కువ. 450 ఫారెన్‌హీట్ అంటే 232 సెల్సియస్. పొడి వెంట్రుకలో కెరాటిన్ నిర్మాణం చెడిపోయేది కూడా ఇంచుమించు అక్కడే.

ఐరన్ పెట్టగానే చుయ్‌మంటోంది, ఆవిరి లేస్తోంది

తడి ఉంది, అంతే. వెంట్రుక లోపలి నీరు ఆవిరై బుడగలు కడుతుంది. వారం తర్వాత సరిగ్గా అక్కడే తెగుతుంది. పైన తడిమి చూసి ఆరిందనుకోకండి. బ్లో డ్రయర్‌ను చల్లగాలి మీద పెట్టి అర నిమిషం పట్టండి, ఆ తర్వాత కుదుళ్లను వేళ్ల మధ్య పట్టుకోండి. మిగతా జుట్టు కంటే చల్లగా తగిలిన చోట తడి ఉన్నట్టే. నీళ్ల లాంటి హీట్ ప్రొటెక్టెంట్‌ను (జుట్టును సెగ నుంచి కాపాడేది) స్ప్రే చేసి, వెంటనే ఐరన్ పెట్టినా ఇదే గతి. అది బ్లో డ్రైకి ముందు వేసేది.

మూడు నాలుగు సార్లు లాగినా తిన్నబడదు. తిన్నబడినా బరువుగా వేలాడుతుంది, ఊగదు

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఐరన్ మంచిది కాదంటారు, జుట్టు మొండిదంటారు, వేడి పెంచుతారు. అసలు కారణం నూటికి తొంభై పాళ్లు వెంట్రుక మీద పేరుకున్న పొర.

ఈ పొర దొంగది. తలంటి ఒక రోజు కూడా కాలేదు, వాసన బాగుంది, కండిషనర్ పడ్డాక చేతికి మెత్తగానే తగులుతుంది. అనుమానం ఎక్కడినుంచి వస్తుంది? నిజానికి అక్కడ రెండు పొరలున్నాయి. ఒకటి ట్విస్టులకూ జడలకూ వారాల తరబడి రాసిన షియా బటర్, ఆముదం, చిక్కటి క్రీములు. సల్ఫేట్ లేని సున్నితమైన షాంపూలకు ఇది పూర్తిగా లొంగదు. రెండోది నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం. బోరు నీళ్ల బకెట్‌కు తెల్లటి చార కట్టినట్టే వెంట్రుకకూ కడుతుంది. అమెరికాలో అట్లాంటా నీళ్లు మెత్తనివి, అంటే ఈ ఖనిజాలు తక్కువ. టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోకి నీళ్లు సున్నపురాతి పొరల్లోంచి వస్తాయి, అరిజోనాలోని ఫీనిక్స్, లాస్ వేగస్ నీళ్లూ కఠినమే. అట్లాంటాలో చక్కగా వచ్చిన ప్రెస్ టెక్సాస్‌కో అరిజోనాకో మారిన రెండు నెలలకు రాకుండా పోయిందంటే ఐరన్‌ను తిట్టకండి.

పొర ఉంటే ఏమవుతుంది? లోపలి తడి త్వరగా బయటికి రాదు, బ్లో డ్రైకి ఎక్కువసేపు పడుతుంది, పైకి మాత్రం ఆరినట్టుంటుంది. ప్లేట్ల కింద బటరు వేగి అంటుకుంటుంది, ఐరన్ జారకుండా పట్టేస్తుంది. ఒక్కసారితో అయ్యేది నాలుగుసార్లు లాగాల్సి వస్తుంది. జుట్టును కాల్చేసేది ఆ మిగిలిన మూడుసార్లే.

ఉందో లేదో తెలుసుకోవడం సులువు. మొదటి షాంపూకి నురుగు రాదు. ఆరాక మైనం రాసినట్టు తగులుతుంది, దువ్వెన పళ్ల మొదట్లో బూడిదరంగు ముద్ద చేరుతుంది. ఒక పాయ ఐరన్ చేసి, ఆపి, ప్లేట్లు గోరువెచ్చగా అయ్యాక తెల్ల టిష్యూతో తుడిస్తే గోధుమరంగు మరక వస్తుంది. షవర్ రంధ్రాల దగ్గర తెల్లగా గట్టిపడి ఉంటే రెండో పొర కూడా ఉన్నట్టే.

వదిలించే వరస ముఖ్యం. ముందు నూనె, ఆ తర్వాత ఖనిజాలు. తలకిందులుగా చేస్తే నూనె అడ్డుపడి ఖనిజాల షాంపూ వెంట్రుకను చేరదు, డబ్బు దండగ.

1. చిక్కు తీసి, నాలుగు నుంచి ఆరు పాయలుగా విడదీసి క్లిప్పులు పెట్టండి. గోరువెచ్చటి నీళ్లతో రెండు మూడు నిమిషాలు బాగా తడపండి.
2. క్లారిఫయింగ్ షాంపూతో (పేరుకున్న నూనె, క్రీములను వదిలించేది) రెండుసార్లు తలంటండి. రెండోసారీ నురుగు రాకపోతే మూడోసారి. జుట్టంతా నెత్తి మీదకు కుప్ప చేసి రుద్దితే చిక్కుపడుతుంది, పాయ వెంట కిందికే జార్చండి.
3. కీలేటింగ్ షాంపూ (ఖనిజాలను పట్టి వదిలించేది) పట్టించి, సీసా మీద చెప్పినంతసేపు, మామూలుగా మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచండి. పదార్థాల జాబితాలో చివర ఈడీటీఏ (ఖనిజాలను పట్టుకునే రసాయనం) కనిపించినంత మాత్రాన కీలేటింగ్ షాంపూ అయిపోదు, మామూలు షాంపూల్లోనూ నిల్వ కోసం కాస్త వేస్తారు. కఠిన జలానికి అనో, ఈతగాళ్లకు అనో రాసి ఉన్నది తీసుకోండి.
4. బాగా కడిగాక చివరగా రెండు లీటర్ల డిస్టిల్డ్ వాటర్ పోయండి. మామూలు కార్బన్ షవర్ ఫిల్టర్ క్లోరిన్‌నే పట్టుకుంటుంది, కాఠిన్యాన్ని తగ్గించదు.
5. బటర్ లేని డీప్ కండిషనర్ పెట్టి, క్యాప్ కింద 15-20 నిమిషాలు. జారుడు పోయేదాకా కడగండి.
6. పలచటి లీవ్-ఇన్ (కడగకుండా వదిలేసే కండిషనర్), తర్వాత హీట్ ప్రొటెక్టెంట్, ప్రతి పాయకూ కొద్దికొద్దిగా. చివర్లు మరిచిపోవద్దు. నూనె మాత్రం చుక్క కూడా వద్దు. కొబ్బరినూనె పెట్టాలనిపిస్తే తలంటుకు ముందు పెట్టుకోండి, ఐరన్ ముందు కాదు.
7. దువ్వెన తగిలించిన డ్రయర్‌తో కుదుళ్ల నుంచి పాయ లాగి పట్టి ఆరబెట్టండి. బ్లో డ్రైతోనే ముప్పాతిక వంతు తిన్నబడాలి. లేదంటే ఐరన్ జోలికి వెళ్లకండి.
8. సెంటీమీటరు మందం పాయ, ముందు సన్నపళ్ల దువ్వెన, దాని వెనకే ఐరన్, ఎక్కడా ఆగకుండా. సన్నటి లేదా రంగు వేసిన జుట్టుకు 300-350 ఫారెన్‌హీట్, మధ్యస్థానికి 350-380, ముతకదానికి 400 దాటొద్దు. ఒక్కసారి, మహా అయితే రెండుసార్లు.

వెనిగర్ కొంచెం ఖనిజాన్ని కరిగిస్తుందేమో గానీ బటర్‌ను కదిలించదు. బేకింగ్ సోడా క్షారం, జుట్టుకు వద్దు. కీలేటింగ్ షాంపూ ప్రతివారం వాడితే ఎండిపోతుంది, ప్రెస్‌కు ముందు వాడితే చాలు.

కడిగాక చుట్లు తిరిగి రావడం లేదు

పాయను తడిపి పది నిమిషాలు వదిలేయండి. పైభాగం చుట్టుకుని చివర్లు తీగల్లా వేలాడితే అది సెగకు కాలిన జుట్టు. ప్రొటీన్ ట్రీట్‌మెంట్ కాస్త బలమిస్తుంది, చుట్టును తెచ్చివ్వదు. కొద్దికొద్దిగా కత్తిరించుకుంటూ పోవడమే. జుట్టంతా వదులైందంటే పొర మళ్లీ చేరిందేమో ముందు చూడండి.

రెండో రోజుకే పొంగిపోతోంది

చెమటో, తేమో. సెగ సర్దేది హైడ్రోజన్ బంధాలనే, నీరు తగిలితే అవి మళ్లీ పాత తీరుకు వెళతాయి. రాత్రి జుట్టును తల చుట్టూ చుట్టి శాటిన్ స్కార్ఫ్ కట్టండి. వ్యాయామానికి వెళ్లేటప్పుడూ అంతే, చెమట పూర్తిగా ఆరాకే విప్పండి. రోజూ ఐరన్‌తో సర్దుతుంటే ఆ వేడి అంతా ఒకే వెంట్రుక మీద పడుతుంది. నుదుటి అంచున కుదుళ్లకు వారానికి ఒక్కసారి చాలు. మొత్తం ప్రెస్‌కు, ప్రెస్‌కు మధ్య కనీసం నెల ఇవ్వండి.

మిగతావి

ఐరన్‌లో థర్మోస్టాట్ పాడవడం, పాత రిలాక్సర్ మిగిలి ఉండటం అరుదు. ప్లేట్లు చల్లారాక రబ్బింగ్ ఆల్కహాల్‌తో తుడవడం అలవాటైతే ఐరన్ మీద అనుమానాలు సగం పోతాయి. నడినెత్తిన పలచబడుతూ మంట, దురద, నొప్పి ఉంటే మాత్రం ఇవేవీ చేయకండి, చర్మవ్యాధి నిపుణుల దగ్గరికి వెళ్లండి. అలా నడినెత్తి నుంచి మొదలై మచ్చ కట్టే జుట్టురాలుడుకు 1968లో వేడి దువ్వెన పేరే పెట్టారు. తర్వాత తప్పంతా దువ్వెనది కాదని తేలింది. కుదుళ్లు మచ్చ కట్టిపోతే అక్కడ జుట్టు మళ్లీ మొలవదు కాబట్టి నెల ఆగి చూద్దాం అనుకోవద్దు.