రిజిస్ట్రేషన్ అయ్యాక బయటపడే లోపాలు: లక్షణం, కారణం, పరిష్కారం

ఎండాకాలంలో రిజిస్ట్రేషన్ చేయించుకున్న ఫ్లాటులో కొత్త రంగు వెనక ఏముందో తొలి వానాకాలం వస్తే గాని తెలియదు. గోడ మీద మచ్చ కనబడగానే మేస్త్రీని పిలిచి, లప్పం పెట్టించి, రంగు వేయించేవారే ఎక్కువ. అంతకంటే నష్టం చేసే పని మరొకటి లేదని నా అభిప్రాయం, ఎందుకంటే నీరు ఎక్కడి నుంచి వస్తున్నదో చెప్పే ఆనవాలూ, రేపు అమ్మినవారి ముందు పెట్టవలసిన సాక్ష్యమూ ఆ మచ్చే. దాన్ని ముట్టుకోకముందే ఫొటోలు తీసి, మచ్చ అంచు వెంట పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ వేయాలి.

లక్షణం: పైకప్పు మీద నెమ్ము

వాన పడినప్పుడే మచ్చ పెరుగుతుంటే డాబాను, బయటి గోడ పగుళ్లను చూడాలి. వాన లేని రోజుల్లోనూ తడి ఆరకపోతే కారణం సాధారణంగా పై అంతస్తు బాత్‌రూమే అవుతుంది. అక్కడ మూడు అవకాశాలున్నాయి. రాత్రి పై ఇంటివారి కుళాయిలన్నీ కట్టించి, నీటి మీటరు అంకె రాసుకుని, ఉదయం మళ్లీ చూసినప్పుడు అంకె కదిలితే నీళ్లు తెచ్చే పైపు కారుతున్నట్టు. కదలకపోతే, ఆ బాత్‌రూమ్ నేలలో నీళ్లు పోయే రంధ్రాన్ని గట్టిగా మూసి, రెండంగుళాల నీరు నింపి ఒక రోజు నిలవ ఉంచాలి. అప్పుడు కింద తడి పెరిగితే నేల వాటర్‌ప్రూఫింగ్ పాడైనట్టు. పెరగకుండా, స్నానాలు మొదలయ్యాక మాత్రమే పెరిగితే మురుగు పైపు అతుకు వదిలినట్టు.

పైపు లోపమైతే ప్లంబర్ పనితో తీరుతుంది. నేల లోపమైతే టైల్స్ ఎత్తి, స్లాబు కనబడేదాకా తవ్వి, వాటర్‌ప్రూఫింగ్ పూతను గోడల మీదికి కనీసం ఒక అడుగు ఎత్తు వేసి, మళ్లీ నీరు నిలిపి చూసిన తర్వాతే టైల్స్ పరచాలి. కింది నుంచి స్లాబులోకి మందు ఎక్కించి సరిపెట్టడం చౌక గాని, నీరు బయటికి వచ్చే దారిని మాత్రమే మూసే ఆ పని వల్ల స్లాబులోనే నిలిచిన నీరు ఇనుప చువ్వలను తుప్పు పట్టిస్తుంది.

లక్షణం: గోడ అడుగు భాగంలో ఉప్పు పూసి పెచ్చులూడటం

కింది అంతస్తులో అయితే నేలలోని తడి ఇటుకల గుండా పైకి పాకుతున్నట్టు. పై అంతస్తులో అయితే గోడ అవతల బాత్‌రూమ్ ఉందేమో చూడాలి. తడి వచ్చే దారిని ఆపి, గోడ పూర్తిగా ఆరిన తర్వాతే కొత్త ప్లాస్టరింగ్ చేయించాలి.

లక్షణం: పగుళ్లు

బీముకూ గోడకూ మధ్య తిన్నగా సాగే సన్నని గీత ఇటుక, కాంక్రీటు వేడికి వేర్వేరుగా కదలడం వల్ల వస్తుంది; దాన్ని కాస్త వెడల్పు చేసి, మెష్ (సన్నని వల) వేసి పూడిస్తే చాలు. కిటికీ మూల నుంచి వాలుగా సాగే పగులు పునాది కుంగడం వల్ల కావచ్చు, నల్లరేగడి నేలల్లో ఈ అనుమానం మరింత బలమైనది. పగులుకు అడ్డంగా సన్నని గాజు ముక్కను అతికించి కొన్ని నెలలు గమనించండి. గాజు విరిగితే పగులు ఇంకా పెరుగుతున్నదని అర్థం. ఇక పిల్లర్ మీద నిలువుగా, తుప్పు మరకతో పగులు కనబడితే ఒక్క రోజు కూడా ఆగకుండా స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవాలి; అది మేస్త్రీ చూడవలసిన పని కాదు.

ఖర్చు ఎవరిది?

బిల్డర్ దగ్గర కొన్న కొత్త ఇల్లయితే, 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి) చట్టం 14(3) సెక్షన్ ప్రకారం ఇల్లు అప్పగించిన తేదీ నుంచి 5 ఏళ్లలోపు నిర్మాణ లోపాన్నో పనితనపు లోపాన్నో తెలియజేస్తే, బిల్డర్ 30 రోజుల్లో అదనపు సొమ్ము తీసుకోకుండా సరిచేయాలి. చేయకపోతే పరిహారం కోరవచ్చు. అందుకే ఫోనులో చెప్పి ఊరుకోకుండా, ఫొటోలు జతచేసి స్పీడ్ పోస్టులోనూ ఈమెయిల్‌లోనూ రాయాలి. బిల్డర్ వచ్చి చూడకముందే సొంతంగా తవ్వించకండి, మీ పని వల్లే పాడైందనే వాదనకు అది చోటిస్తుంది. 500 చదరపు మీటర్లకు మించని స్థలంలోనో, 8 ఫ్లాట్లకు మించకుండానో కట్టిన ప్రాజెక్టుకు రెరా నమోదు తప్పనిసరి కాదు. అలాంటి చోట ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటి నుంచి 2 ఏళ్లలోపు వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు.

పాత ఇంటిని యజమాని దగ్గర కొన్నవారి దారి ఇంతకంటే కష్టం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం అమ్మేవారికి తెలిసి ఉంటే దాన్ని చెప్పి తీరాలి. కానీ వారికి తెలుసునని రుజువు చేయవలసింది మీరే. కాబట్టి లాయరు నోటీసు కంటే ముందు అపార్ట్‌మెంట్ అసోసియేషన్ దగ్గరికి వెళ్లి, ఆ ఫ్లాటు గురించి గతంలో వచ్చిన ఫిర్యాదుల, సమావేశపు మినిట్స్ నకళ్లు అడగండి. పై ఇంటివారిని, అమ్మకానికి ముందు రంగు వేసిన పెయింటరును కలవండి. డాబా నుంచి కారుతున్నదని తేలితే అది ఉమ్మడి ఆస్తి కనుక, మరమ్మతును కూడా అసోసియేషన్‌నే లిఖితపూర్వకంగా అడగాలి.