వర్ణాంధత్వానికి జన్యు చికిత్స: ముందు ఏం తేల్చుకోవాలి, ఏం అడగాలి

రైల్వే రాతపరీక్ష గట్టెక్కి, మెడికల్‌లో రంగుల పుస్తకం దగ్గర ఆగిపోయిన అబ్బాయి ముందుగా వెతికేది జన్యు చికిత్స గురించే, అంటే లోపమున్న జన్యువుకు బదులు పనిచేసే జన్యువును కంటి కణాల్లోకి ఎక్కించడం గురించే. కోతులకు నయమైందన్న వార్త కనిపిస్తుంది. ఆ వార్త నిజమే. కానీ అది మీకు పనికొస్తుందో లేదో తెలియాలంటే మీది ఏ రకం వర్ణాంధత్వమో తేలాలి. అది తేలేదాకా ఎవరికీ పైసా కట్టకండి.

రకం తేల్చుకోవడం

ఎక్కువమందిది ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియని రకం. దాని జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి కాబట్టి మగపిల్లలకు అమ్మ నుంచే వస్తుంది. మేనమామల్నీ, అమ్మవాళ్ల నాన్ననూ అడిగి చూడండి. ఈ రకంలో చూపు స్పష్టంగానే ఉంటుంది.

రెండోది అక్రోమటాప్సియా, అంటే రంగులు దాదాపు తెలియకపోవడం. సుమారు 30,000 మందిలో ఒకరికి ఉంటుంది. పసితనం నుంచే కనుగుడ్లు ఊగుతుంటాయి, ఎండలో కళ్లు తెరవలేరు, అద్దాలు పెట్టినా చూపు 6/60 దగ్గరే (మామూలు కంటికి 60 మీటర్ల నుంచి కనిపించేది వీళ్లకు 6 మీటర్ల నుంచే) ఆగుతుంది. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి లోపమున్న జన్యువు అందితేనే ఇది వస్తుంది. మేనరికాలు చేసుకునే మన వైపు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే, అంటే జబ్బు లేకున్నా లోపమున్న జన్యువు ఒకటి మోస్తుంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు వచ్చే అవకాశం 25 శాతం.

రంగు చుక్కల్లో అంకెలు దాచిన పలకల ఇషిహారా పుస్తకాన్ని (మెడికల్‌లో చూపేది ఇదే) 75 సెంటీమీటర్ల దూరంలో, పగటి వెలుతురులో, పలకకు 3 సెకన్ల చొప్పున చదివించాలి. 38 పలకల పుస్తకంలో మొదటి 21లో 17 గానీ అంతకు మించి గానీ సరిగ్గా చెబితే మామూలే. 13 గానీ అంతకు తక్కువ గానీ అయితే లోపం ఉన్నట్టు. 22వ పలకలో 26 ఉంటుంది. 6 మాత్రమే కనిపిస్తే లోపం ఎరుపు వైపు, 2 మాత్రమే కనిపిస్తే ఆకుపచ్చ వైపు. ఫోన్‌లో పలకలు చూసి తీర్మానించుకోవద్దు, తెర వెలుగూ నైట్ మోడూ రంగుల్ని మార్చేస్తాయి. పసుపు బల్బు కింద చదివించినా ఫలితం నమ్మలేం.

అక్రోమటాప్సియా అనుమానముంటే ఈఆర్‌జీ అడగండి. కంటి వెనక పొర (రెటీనా) వెలుగుకు ఎలా స్పందిస్తుందో చూసే పరీక్ష ఇది. 20 నిమిషాలు చీకట్లో కూర్చోబెట్టి, మసక వెలుగులో చూపునిచ్చే రాడ్ కణాల స్పందన చూస్తారు, తర్వాత వెలుతురులో, రంగులు పట్టే కోన్ కణాలది. రాడ్‌లు పలికి కోన్‌లు పలకకపోతే అనుమానం బలపడుతుంది. కంటిపాప పెద్దదవడానికి చుక్కలు వేస్తారు, కాబట్టి బండి నడుపుకుంటూ వెళ్లకండి. తిరుపతిలో రుయా, స్విమ్స్, అరవింద్ ఆసుపత్రులు ఉన్నాయి. ఈఆర్‌జీ చేస్తారో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. చిత్తూరు వాళ్లకు వేలూరు దగ్గర.

పరిశోధన ఎక్కడిదాకా వచ్చింది

2009లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలోని నీట్జ్ దంపతుల బృందం డాల్టన్, సామ్ అనే రెండు స్క్విరల్ కోతుల రెటీనా కింద, ఏఏవీ వైరస్‌లో (జన్యువును కణాల్లోకి మోసుకెళ్లే వాహనంగా వాడే వైరస్) పెట్టిన మనిషి ఎరుపు ఆప్సిన్ (కోన్ కణాలు ఎరుపు వెలుగును పట్టే ప్రోటీన్) జన్యువును ఎక్కించింది. సుమారు 20 వారాలకు అవి అంతకుముందు పట్టలేని రంగుల్ని పట్టుకున్నాయి. అయినా ఎరుపు-ఆకుపచ్చ లోపానికి మనుషుల్లో ఆమోదం పొందిన జన్యు చికిత్స నేటికీ లేదు. చూపు బాగున్న కంట్లో, అదీ చూపుకు కేంద్రమైన చోట, రెటీనాను లేపి ఇంజెక్షన్ ఇవ్వడం చిన్న ప్రమాదం కాదు. ఉద్యోగం కోసం ఆ ప్రమాదం ఎత్తుకోవడం తగదని మా గట్టి అభిప్రాయం.

మనుషుల మీద ట్రయల్స్ (చికిత్స పనిచేస్తుందా, ప్రమాదం లేదా అని చూసే పరీక్షలు) జరిగింది అక్రోమటాప్సియాకే, ముఖ్యంగా దానికి కారణమయ్యే సీఎన్‌జీఏ3, సీఎన్‌జీబీ3 జన్యువులకు. 2023లో ఇజ్రాయెల్ పరిశోధకులు సీఎన్‌జీఏ3 లోపమున్న నలుగురి ఫలితాలు ప్రకటించారు. చికిత్స చేసిన కంటితో వాళ్లు ఎరుపును వెనకున్న రంగు నుంచి వేరుగా గుర్తించారు, కానీ మనం చూసే ఎరుపులా కాదు. దీనికీ ఆమోదం పొందిన మందు ఇంకా లేదు.

ట్రయల్‌లో చేరాలనుకుంటే

ముందు జన్యు పరీక్ష. బిడ్డ రక్తంతోపాటు తల్లిదండ్రులిద్దరి రక్తమూ ఇవ్వండి. రిపోర్టులో రెండు మార్పులు కనిపించినా, రెండూ ఒకే వైపు నుంచి వచ్చాయా, చెరొక వైపు నుంచి వచ్చాయా అన్నది అలాగే తేలుతుంది. మార్పు పక్కన 'వీయూఎస్' అని ఉంటే అది రోగకారకమని రుజువు కాలేదన్నమాట. దాని మీద నిర్ణయాలు తీసుకోవద్దు.

దేశంలో జరిగే ట్రయల్స్ నమోదయ్యే సీటీఆర్ఐ జాబితాలో ట్రయల్ నంబరు వెతికి మూడు వరుసలు చదవండి: ఎథిక్స్ కమిటీ అనుమతి, డీసీజీఐ (కేంద్ర ఔషధ నియంత్రణాధికారి) అనుమతి, ప్రస్తుతం మనుషుల్ని చేర్చుకుంటున్నారా లేదా. మందుకు డబ్బు అడిగితే అక్కడితో ఆపేయండి. సమ్మతి పత్రం తెలుగులో ఇమ్మనండి, ఇంటికి తెచ్చుకుని చదివాకే సంతకం చేయండి.

చాలామంది అడగడం మరిచేది ఒకటుంది. ఒకసారి ఏఏవీ ఎక్కితే ఒంట్లో దానికి ప్రతిరక్షకాలు తయారవుతాయి. రేపు ఇంతకన్నా మంచి ట్రయల్ వచ్చినా, ఇంతకుముందు జన్యు చికిత్స తీసుకున్నవాళ్లని చేర్చుకోకపోవచ్చు. కంట్లో వాపు, రెటీనాకు రంధ్రం పడటం లాంటివి జరగవచ్చు. వాపు రాకుండా స్టెరాయిడ్ మాత్రలు ఇస్తారు, వాటిని మధ్యలో మీ అంతట మీరు ఆపకూడదు.

ఈలోపు అక్రోమటాప్సియా ఉన్న బిడ్డకు ముదురు ఎరుపు రంగు అద్దాలూ అంచున్న టోపీ ఇప్పించండి. బడిలో ముందు బెంచీలో, కిటికీ వెలుగు వీపు వైపు ఉండేలా కూర్చోబెట్టమని టీచరుకు చెప్పండి.