కొత్త నాస్ వచ్చింది కదా అని పాతదాన్ని చెరపకండి

ఇంట్లో ప్లెక్స్ గానీ జెల్లీఫిన్ గానీ (మన వీడియోలను టీవీకి, ఫోన్‌కి అందించే సర్వర్ సాఫ్ట్‌వేర్లు) నడుపుతూ, పాత కంప్యూటర్ నుంచి కొత్త నాస్‌కి (నెట్‌వర్క్‌కి తగిలించి ఇంట్లో అందరూ వాడుకునే డిస్కుల పెట్టెకి) మారబోతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. సినిమాలు పోతే ఎలాగోలా మళ్లీ సంపాదించుకోవచ్చు. అమ్మమ్మ పాడిన మంగళహారతి, క్యాసెట్ నుంచి ఎక్కించుకున్న అక్క పెళ్లి వీడియో పోతే మాత్రం ఎవరూ తెచ్చివ్వలేరు. అందుకే ముందుగా అలాంటి ఫోల్డర్లను ఒక బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేసి, దాన్ని బీరువాలో పెట్టేయండి. మిగతా పనంతా ఆ తర్వాతే. ఒకే డేటాను రెండు డిస్కుల్లో ఉంచే రెయిడ్ ఉంది కదా అని ధీమా వద్దు. ఒక డిస్కు చెడిపోతే రెయిడ్ ఆదుకుంటుంది, అంతే. పొరపాటున డిలీట్ నొక్కితే రెండు డిస్కుల్లోంచీ ఒకేసారి పోతుంది.

నాస్ ఇంకా కొనకపోతే ప్రాసెసర్ చూసి కొనండి. కొత్త మోడల్ అయినంత మాత్రాన వీడియోకి మెరుగని కాదు. సినాలజీ కంపెనీ నాస్ డీఎస్920 ప్లస్‌లో ఇంటెల్ సెలెరాన్ ప్రాసెసర్ ఉండేది. దానికి గ్రాఫిక్స్ ఉండటం వల్ల ట్రాన్స్‌కోడింగ్, అంటే వీడియోను టీవీకి సరిపడే ఫార్మాట్‌లోకి అప్పటికప్పుడు మార్చడం, తేలిగ్గా అయ్యేది. తర్వాత వచ్చిన డీఎస్923 ప్లస్‌లో రైజెన్ పెట్టారు, దానికి గ్రాఫిక్స్ లేదు. మీ టీవీ అన్ని ఫార్మాట్లనూ నేరుగా ఆడించగలిగితే ఈ తేడా మీకు తెలియదు, లేకపోతే 4కే వీడియో ఆగి ఆగి నడుస్తుంది.

డిస్కుల్లో సీఎమ్‌ఆర్ రకమే (డేటా గీతలు ఒకదానిమీద ఒకటి పడకుండా రాసేది) అడిగి తీసుకోండి. డబ్ల్యూడీ రెడ్ డిస్కుల్లో 2 నుంచి 6 టీబీ వాటిలో కొన్ని ఎస్‌ఎమ్‌ఆర్ రకమని (గీతలు కొంత ఒకదానిమీద ఒకటి పడేలా రాసేవని) 2020లో బయటపడి పెద్ద గొడవైంది. రెయిడ్‌లో ఒక డిస్కు మార్చి మళ్లీ నింపేటప్పుడు అవి బాగా నెమ్మదిస్తాయి. కొత్త డిస్కు రాగానే డేటా ఎక్కించకుండా ముందు డిస్కు తనను తాను పూర్తిగా పరీక్షించుకునే స్మార్ట్ ఎక్స్‌టెండెడ్ టెస్ట్ పెట్టండి. గంటల తరబడి నడుస్తుంది, నడవనివ్వండి. పాత నాస్ డిస్కులను పీకి వేరే కంపెనీ నాస్‌లో పెట్టి చూడాలని మాత్రం అనుకోవద్దు. సెటప్‌లో ఇనిషియలైజ్ చేయమంటుంది, చేస్తే ఉన్నదంతా చెరిగిపోతుంది.

కాపీకి ఎంతసేపు పడుతుందో ముందే లెక్క వేసుకోండి. గిగాబిట్ నెట్‌వర్క్‌లో సెకనుకు దాదాపు 110 ఎంబీ వెళ్తుంది కాబట్టి 4 టీబీకి పది గంటలు. మధ్యలో పాత 100 మెగాబిట్ స్విచ్ గానీ దెబ్బతిన్న కేబుల్ గానీ ఉంటే అదే పని నాలుగు రోజులు దాటుతుంది. వైఫై మీద చేయొద్దు. ఏప్రిల్, మే నెలల్లో అయితే కరెంటు సంగతి కూడా చూసుకోవాలి. ఇన్వర్టర్‌కి యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అందులో పెట్టండి. మామూలు మోడ్‌లో కరెంటు మారే ఆ క్షణంలో నాస్ ఆగిపోవచ్చు. నాస్‌కి విడిగా చిన్న యూపీఎస్ ఉంటే ఇంకా మంచిది. ఈదురుగాలులు వచ్చేలా ఉన్న సాయంత్రం కాపీ మొదలుపెట్టకండి.

ఇక తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఒకటి ఉంది. అది ఫైళ్ల పేర్లది. విండోస్‌లో పేరు పొడవును అక్షర సంకేతాల లెక్కన చూస్తారు, 255 వరకు కుదురుతుంది. నాస్‌లలో ఎక్కువగా ఉండే ఎక్స్‌టీ4, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లలో (డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతుల్లో) ఆ 255 బైట్ల లెక్క. తెలుగులో ఒక్కో సంకేతానికి మూడు బైట్లు. ‘లక్ష్మి’ చూడటానికి రెండక్షరాలే, కానీ ఒత్తులు, గుణింతం కలిపి ఏడు సంకేతాలు, అంటే 21 బైట్లు. సినాలజీలో షేర్డ్ ఫోల్డర్‌ను ఎన్‌క్రిప్ట్ చేస్తే (పాస్‌వర్డ్ లేనివాళ్లు చదవలేకుండా మారిస్తే) హద్దు 143 బైట్లకు పడిపోతుంది, అంటే 47 తెలుగు సంకేతాలు.

మా నాన్నగారు ఫైళ్లకు వాక్యాల్లాంటి పేర్లు పెట్టేవారు. ‘పెద్దమ్మాయి పెళ్లి రెండో రోజు సత్యనారాయణ వ్రతం తర్వాత భోజనాలు’ అని ఒకటి. చివరి ఎమ్‌పీ4తో కలిపి 173 బైట్లు. ఇంటి వీడియోలు భద్రంగా ఉండాలని నేను ఆ ఫోల్డర్‌ను ఎన్‌క్రిప్ట్ చేశాను. రాత్రంతా కాపీ నడిచింది. పేరు పొడవు ఎక్కువైందన్న ఎర్రర్ లైన్లు ఎప్పుడో పైకి వెళ్లిపోయాయి, నేను చూడలేదు. వారం తర్వాత అమ్మ ఆ భోజనాల వీడియో పెట్టమంటే లేదు. లెక్కపెడితే 38 ఫైళ్లు తగ్గాయి. పాత కంప్యూటర్‌ను అప్పటికింకా ఫార్మాట్ చేయకపోవడంతో అవి దక్కాయి.

కాబట్టి కాపీకి ముందే పొడవైన పేర్లను కుదించండి, అసలు పేర్లను మాత్రం ఒక టెక్స్ట్ ఫైల్లో రాసి అదే ఫోల్డర్‌లో ఉంచండి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్న వివరం ఆ పేర్లలోనే ఉంటుంది. మ్యాక్ వాడేవాళ్లు ఐత్వం ఉన్న పేర్లు చూసుకోవాలి. ‘మైసూరు’లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ రాయొచ్చు, రెండు ముక్కలుగానూ రాయొచ్చు. మ్యాక్‌ల పాత ఫైల్ సిస్టమ్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఉన్న డిస్కులు రెండు ముక్కలుగా దాస్తాయి. కంటికి పేరు ఒకటే, నాస్‌కి మాత్రం అవి రెండు వేరు వేరు ఫైళ్లు.

కాపీకి ఆర్‌సింక్ అనే కమాండ్ వాడితే ముందు డ్రై రన్ (నిజంగా కాపీ చేయకుండా ఏం చేస్తుందో చూపించే పరుగు) చేయండి. అసలు కాపీ అయ్యాక ఎగ్జిట్ కోడ్ (కమాండ్ చివర ఇచ్చే అంకె) చూడండి, 23 వస్తే కొన్ని ఫైళ్లు వెళ్లలేదని అర్థం. తర్వాత ఫైళ్ల లోపలి డేటాను పోల్చే చెక్‌సమ్ ఆప్షన్‌తో మరోసారి నడపండి. పాతదాంట్లో లేని ఫైళ్లను కొత్తదాంట్లోంచి చెరిపే డిలీట్ ఆప్షన్ జోలికి అసలు పోవద్దు.

ఏది ఎంతవరకు చూశారో, మీరు మార్చుకున్న పోస్టర్లేవో ప్లెక్స్ లేదా జెల్లీఫిన్ సర్వర్ తన డేటా ఫోల్డర్‌లో దాచుకుంటుంది. సర్వర్‌ను పూర్తిగా ఆపాకే దాన్ని కాపీ చేయాలి, లేకపోతే డేటాబేస్ సగం రాసిన స్థితిలో వస్తుంది. ప్లెక్స్‌లో స్కాన్ అవగానే ట్రాష్ ఖాళీ చేసే సెట్టింగ్‌ను ముందే ఆపేయండి. అది ఆన్‌లో ఉండగా కొత్త ఫోల్డర్ కనపడకపోతే లైబ్రరీ మొత్తం తుడిచిపెట్టుకుపోవచ్చు. జెల్లీఫిన్ ఫైళ్ల పూర్తి పాత్‌లను (ఏ ఫోల్డర్‌లో ఎక్కడున్నాయో తెలిపే చిరునామాలను) గుర్తుపెట్టుకుంటుంది. డాకర్‌లో (ప్రోగ్రామ్‌ను కంటైనర్ అనే విడి పెట్టెలో నడిపే సాఫ్ట్‌వేర్‌లో) నడుపుతుంటే కంటైనర్ లోపలి పాత్‌ను పాతదే ఉంచండి, సగం తలనొప్పి తగ్గుతుంది.

అమెరికాలో ఉన్న తమ్ముడు కూడా చూడాలని నాస్ అడ్మిన్ పేజీని ఇంటర్నెట్‌కి తెరవకండి. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ అలా తెరిచి ఉన్న క్యూనాప్ కంపెనీ నాస్‌ల మీద పడి, ఫైళ్లను లాక్ చేసి బిట్‌కాయిన్ అడిగింది. టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ (మీరు చేర్చినవాళ్లకే దారి ఇచ్చే ప్రైవేటు నెట్‌వర్క్) పెట్టి తమ్ముడి ఫోన్‌ను అందులో చేర్చండి.

అంతా అయ్యాక రెండు వైపులా ఫోల్డర్ వారీగా ఫైళ్ల సంఖ్య పోల్చండి. రెండు వైపులా ఫోల్డర్ వారీగా ఫైళ్ల సంఖ్య పోల్చండి. తర్వాత ఇంట్లో పెద్దవాళ్లకు రిమోట్ ఇచ్చి, వాళ్లకు గుర్తున్న వీడియోలన్నీ ఒక్కొక్కటే అడగమనండి. దొరకనివి రాసుకుని పాతదాన్ని ఆన్ చేయండి.