రెప్ప మడత శస్త్రచికిత్స: కుట్టా, కోతా తేల్చుకునే ముందు

దక్షిణ కొరియాలో నవంబరులో సునుంగ్ అనే విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష ముగిసిందంటే సియోల్‌లోని గంగ్నమ్ క్లినిక్కులకు రద్దీ మొదలవుతుంది. పరీక్ష రాసిన పిల్లలకు కనురెప్పపై మడత పెట్టించడం అక్కడి కుటుంబాల్లో మామూలే. అయితే ఆ కోరిక పిల్లలదేనా అన్నది ముందు తేల్చుకోవాలి. మడత లేని కన్ను జబ్బు కాదు.

కోత లేని పద్ధతిలో సన్నని దారాన్ని లోపలే దాచి, చర్మాన్ని రెప్ప లోపలి పొరలకు కలుపుతారు. జపాన్ వైద్యుడు మికామో 1896లో వివరించినదీ కుట్టు పద్ధతే. ఇందులో వాపు త్వరగా తగ్గుతుంది, మచ్చ దాదాపు కనిపించదు. పలుచని చర్మం, తక్కువ కొవ్వు ఉన్నవారికి నప్పుతుంది. మందపాటి రెప్పకు దారంతోనే సరిపెడితే మడత క్రమంగా వదులైపోవచ్చు.

పూర్తి కోతలో మడత గీత పొడవునా కోసి, అవసరమైతే చర్మం, కొవ్వు తీసి కుడతారు. మందపాటి రెప్పలకు, వయసుతో చర్మం వేలాడేవారికి ఇదే తగినది. మడత గట్టిగా నిలుస్తుంది. కానీ తీసిన చర్మం తిరిగి రాదు. అతిగా తీస్తే కన్ను పూర్తిగా మూతపడక ఎండిపోతుంది; కొవ్వు ఎక్కువ తీస్తే రెప్ప గుంటపడుతుంది. ఎంత తీస్తారో, ఎందుకో ముందే చెప్పించుకోండి. పాక్షిక కోతతో కొంత కొవ్వు తీయవచ్చు గానీ, వేలాడే చర్మం సరికాదు.

అన్నిటికన్నా ఎక్కువ భయపడాల్సింది రెప్పనెత్తే కండరం బలహీనతను గమనించకపోవడం గురించి. నుదురు ముడిచి, కనుబొమలు ఎగరేసి చూసే అలవాటుంటే అనుమానించాలి. కండరాన్ని సరిచేయకుండా మడత మాత్రమే పెడితే కన్ను మునుపటిలాగే నిద్రమత్తుగా కనిపిస్తుంది. వైద్యుడు మీ కనుబొమను వేలితో నొక్కిపట్టి, రెప్ప ఎంత లేస్తుందో కొలవకపోతే అక్కడ సంతకం చేయకండి.

కొరియాలో ప్లాస్టిక్ సర్జరీ నిపుణుడు నడిపే క్లినిక్కు మాత్రమే ఆ విభాగం పేరును తన పేరులో కలుపుకోవచ్చు. బోర్డు శ్రద్ధగా చదవండి. రోగి స్పృహలో లేకుండా శస్త్రచికిత్స చేసే గదుల్లో 2023 సెప్టెంబరు 25 నుంచి కెమెరాలు తప్పనిసరి. అయితే రికార్డు చేయమని మీరే ముందుగా అడగాలి.

ఆస్పిరిన్, చేపనూనె గుళికలు, విటమిన్-ఇ రక్తస్రావాన్ని పెంచవచ్చు. వాడుతుంటే తప్పక చెప్పండి, గుండె మందులను మాత్రం సొంతంగా ఆపకండి. కళ్లు ఎండిపోవడం, థైరాయిడ్, ఉబ్బు మచ్చలు, ఇదివరకు కంటికి చేయించుకున్న లేజర్ చికిత్స, ఏదీ దాచవద్దు.

కోత కుట్లు దాదాపు వారంలో తీస్తారు. అసలు ఆకారం తేలడానికి నెలలు పడుతుంది కాబట్టి, తొలి వారాల్లో అద్దం చూసి మళ్లీ సరిచేయమని పట్టుబట్టకండి. ఒక్క విషయంలో మాత్రం ఆగకూడదు: కంటిలో తీవ్రమైన నొప్పి, కనుగుడ్డు ముందుకు ఉబ్బడం, చూపు మసకబారడం కనిపిస్తే కంటి వెనుక రక్తం చేరుతున్నట్టు అనుమానించాలి. చూపే పోయే ప్రమాదం ఉంది. క్లినిక్కు తెరిచేదాకా చూడకుండా కొరియా అత్యవసర నంబరు 119కి ఫోను చేసి, అర్ధరాత్రి అయినా పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి.