ప్రగతిశీల చర్చికి తొలిసారి వచ్చినవారిని ఎలా చేర్చుకోవాలి?

2004లో అమెరికాలోని యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ అనే ప్రొటెస్టెంట్ శాఖ ఒక టీవీ ప్రకటన తయారుచేయించింది. అందులో చర్చి గుమ్మం ముందు కండలు తిరిగిన ఇద్దరు కాపలాదారులు తాడు కట్టి నిలబడి ఉంటారు. వచ్చినవారిలో ఎవరిని లోపలికి వదలాలో, ఎవరిని తిప్పి పంపాలో వాళ్ళే తేలుస్తుంటారు. యేసు ఎవరినీ తిప్పి పంపలేదు, మేమూ పంపం అన్నది ప్రకటన సారాంశం. వివాదాస్పదంగా ఉందంటూ సీబీఎస్, ఎన్‌బీసీ టీవీ సంస్థలు దాన్ని ప్రసారం చేయడానికి ఒప్పుకోలేదు. దాంతో అది వార్తల్లోకెక్కింది.

స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్లు, సందేహంతో ఉన్నవారు సహా అందరినీ చేర్చుకోవాలనుకునే ప్రగతిశీల చర్చిలో అలాంటి కాపలాదారులు ఉండరు. తాడు మాత్రం కంటికి కనబడకుండా ఏదో ఒక మూల ఉంటూనే ఉంటుంది. అందరికీ కంఠతా వచ్చిన ప్రార్థన కాగితం మీద ఉండదు. ఎప్పుడు లేవాలో ఎప్పుడు కూర్చోవాలో ఎవరూ చెప్పరు. ఆరాధన ముగియగానే నలుగురు చుట్టుముట్టి ఆరా తీస్తారు. పైగా ఇలాంటి చర్చి వెతుక్కుంటూ వచ్చేవారిలో కొందరు మరో చర్చిలో మాటలు పడి, మనసు విరిగి, ఏళ్ళ తరబడి చర్చి మెట్లెక్కకుండా ఉండి వచ్చినవారు. తలుపు దగ్గర పలకరింపు ముభావంగా ఉన్నా వాళ్ళు వెళ్ళిపోతారు, మరీ అతిగా ఉన్నా వెళ్ళిపోతారు. కాబట్టి తెలియాల్సిందంతా ముందే విప్పి చెప్పండి. ఎంత దగ్గరికి రావాలన్నది వాళ్ళకే వదిలేయండి. కింద రాసిన అడుగులన్నీ ఈ రెండు పనులకోసమే.

1. ‘అందరూ’ అంటే ఎవరో ముందు మీలో మీరు తేల్చుకోండి

బోర్డు మీద ‘అందరికీ స్వాగతం’ అని రాయని చర్చి అరుదు. ఆ మాట నమ్మి వచ్చిన స్వలింగ ప్రేమికుల జంట రెండేళ్ళు కానుకలిచ్చి, కుర్చీలు సర్ది, గాయక బృందంలో పాడి, తీరా పెళ్ళి సంగతి ఎత్తేసరికి ‘మా చర్చిలో అలాంటివి చేయం’ అని వింటే? సేవ చేయడానికి స్వాగతం, పెళ్ళి చేసుకోవడానికి కాదు అన్నమాట. మొదటి రోజే కాదనడం కన్నా ఇది క్రూరం.

డినామినేషన్ (చర్చి శాఖ) పేరు చూసి ఊహించుకోవడమూ కుదరదు. యునైటెడ్ మెథడిస్ట్ చర్చి తన నియమావళిలో 1972 నుంచి ఉన్న స్వలింగ వ్యతిరేక వాక్యాన్ని 2024లో తొలగించింది. అయినా పెళ్ళి జరిపించాలా వద్దా అన్నది అక్కడి పాస్టరు నిర్ణయమే. యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ మహాసభ 1985లోనే స్వలింగ ప్రేమికులను చేర్చుకుంటామని బహిరంగంగా ప్రకటన చేయమని స్థానిక సంఘాలను కోరింది. ఆ ప్రకటనకు ముందు సంఘం కూర్చుని చదువుకోవాలి, వాదించుకోవాలి, ఓటు వేయాలి. నెలలు పట్టినా పట్టనివ్వండి. ఆ పని ఎగ్గొట్టి స్వలింగ ప్రేమికులకు మద్దతు తెలిపే ఇంద్రధనుస్సు జెండా కడితే లాభం లేదు.

తేల్చుకోవాల్సిన ప్రశ్నలు సూటిగా ఉండాలి. పెళ్ళి జరిపిస్తారా? ట్రాన్స్‌జెండర్ వ్యక్తి సంఘ పెద్ద కావచ్చా? స్త్రీ ప్రసంగ పీఠం ఎక్కవచ్చా? విడాకులు తీసుకున్నవారికి, బాప్తిస్మం పొందనివారికి, దేవుడున్నాడో లేడో ఇంకా తేల్చుకోనివారికి ఏయే పనుల్లో చోటుంది? జవాబులు వెబ్‌సైటులో వెతుక్కోనక్కర్లేని చోట పెట్టండి. ఇంకా తేలని విషయం ఉంటే తేలలేదనే రాయండి. కొత్తవారు దాన్ని కూడా గౌరవిస్తారు.

2. గుమ్మం దాకా వచ్చే దారి సుగమం చేయండి

ఇది చిన్న పని, కానీ చాలా చర్చిలు ఇక్కడే తప్పుతాయి. ఆరాధన ఎన్నింటికి మొదలవుతుందో రాస్తారు, ఎన్నింటికి ముగుస్తుందో రాయరు. అసలైన తలుపు పక్కసందులో ఉంటుంది, ఫొటోలో మాత్రం తాళం వేసి ఉండే ముఖద్వారం కనిపిస్తుంది. వీల్‌చెయిర్ వెళ్ళే దారి ఉందా, మెట్లు ఎన్ని, మరుగుదొడ్డి ఎక్కడ, పసిపిల్లలు ఏడిస్తే ఎక్కడికి తీసుకెళ్ళాలి, ఎలాంటి బట్టలు వేసుకుని రావాలి: ఇవన్నీ ఫోనులో ఒక్క పేజీలో కనిపించాలి. బట్టల సంగతి తేలిక అనుకోకండి. యాకోబు పత్రిక రెండో అధ్యాయం మొదలయ్యేదే బంగారు ఉంగరం పెట్టుకుని వచ్చినవాడికి మంచి చోటు, మురికి బట్టలతో వచ్చిన పేదవాడికి నిలబడే చోటు ఇవ్వడం మీద మందలింపుతో.

3. తలుపు దగ్గర ఎవరు నిలబడాలో ఆలోచించి పెట్టండి

ఎక్కువ మాట్లాడేవారు ఈ పనికి ముందుకొస్తారు. వాళ్ళను సున్నితంగా మరో పనికి మళ్ళించండి. తలుపు దగ్గర కావాల్సింది ఎదుటివారి ముఖం చూసి ఆగగలిగినవారు. ఇద్దరు చాలు. ఒకరు పలకరించడానికి, ఇంకొకరు దారి చూపడానికి.

పలకరింపు ఇలా ఉంటే సరిపోతుంది:

‘నమస్కారమండీ, రండి. నా పేరు సుధ. ఈ కాగితంలో ఆరాధన క్రమం ఉంది. వెనక వరుసలు ఖాళీగా ఉన్నాయి, ముందు కూడా ఉన్నాయి, ఎక్కడైనా కూర్చోవచ్చు. ఏదైనా అడగాలనిపిస్తే నేను ఇక్కడే ఉంటాను.’

అంతే. ‘మొదటిసారి వస్తున్నారా?’ అని అడగకపోవడం గమనించండి. రెండు నెలలుగా వస్తున్నవారిని ఆ మాట అడిగితే ఇన్నాళ్ళూ తమను ఎవరూ చూడలేదని వాళ్ళకు తెలిసిపోతుంది. ‘మిమ్మల్ని నేను ఇంతవరకు కలవలేదనుకుంటాను’ అంటే తప్పు మీ మీదికే వస్తుంది, పేచీ లేదు.

పేరు చెబితే ఆ పేరుతోనే పిలవండి. మనిషిని చూడగానే ‘బ్రదర్’ అనో ‘సిస్టర్’ అనో పిలవడం చాలా చర్చిల్లో అలవాటు. ప్రేమతో వచ్చే మాటే, కాదనను. కానీ ట్రాన్స్‌జెండర్ వ్యక్తికి మీ నోటి నుంచి వచ్చే మొదటి మాటే ముల్లులా గుచ్చుకోవచ్చు. పేరుతో పాటు ‘గారు’ అంటే ఎవరికీ ఏ లోటూ ఉండదు. జంటగా వచ్చినవారిని ‘అన్నాచెల్లెళ్ళా?’, ‘స్నేహితులా?’ అని అడగకండి. పెళ్ళయిందా, పిల్లలెందరు, ఎవరి తాలూకు అనే ప్రశ్నలకు అసలే వెళ్ళకండి. చెప్పాలనుకుంటే వాళ్ళే చెబుతారు.

4. చేతికిచ్చే కాగితంలో ప్రతి మాటా ఉండనివ్వండి

నా దృష్టిలో ఆదివారం మొత్తంలో అతి ముఖ్యమైన ఆతిథ్యం ఈ కాగితమే. పరలోక ప్రార్థన సంగతి చూడండి. అందరికీ వచ్చు కదా అని ‘ఇప్పుడు ప్రభువు నేర్పిన ప్రార్థన’ అని ఒక్క లైను వేసి ఊరుకుంటారు. కొందరు ‘ఋణములు’ అంటారు, కొందరు ‘అపరాధములు’ అంటారు. కేథలిక్ సంఘంలో పెరిగినవారు ‘కీడు నుంచి రక్షింపుము’ దగ్గర ఆగిపోతారు, మిగతా అందరూ ‘రాజ్యము, బలము, మహిమ’ అంటూ ముందుకు సాగుతారు. ఆ నిశ్శబ్దంలో నోరు మూసుకుని నిలబడినవారికి తాము బయటివారమన్న సంగతి స్పష్టంగా తెలుస్తుంది. ప్రగతిశీల సంఘాల్లో మరో చిక్కు కూడా ఉంది. దేవుణ్ణి తండ్రి అని మాత్రమే పిలవడం ఇష్టంలేక కొన్ని సంఘాలు మాటలు మార్చుకుంటాయి. మార్చుకోండి, మంచిదే. కానీ అచ్చులో లేని మార్పు కొత్తవారి పాలిట గోడ.

అందుకే ప్రార్థన పూర్తిగా, పాట పూర్తిగా, జవాబుగా పలకాల్సిన వాక్యాలు పూర్తిగా వేయండి. ‘లేవండి’ అన్నచోట ‘లేవగలిగినవారు, లేవాలనిపించినవారు’ అని రాయండి. విశ్వాస ప్రమాణం (నమ్మే విషయాలను అందరూ కలిసి పలికే వాక్యాలు) చెప్పే సంఘమైతే దాని పక్కన ఒక చిన్న మాట చేర్చండి: ఇందులోని ప్రతి వాక్యాన్నీ నమ్మినవారే ఇక్కడ ఉండాలని లేదు, మౌనంగా వినవచ్చు. సందేహంతో వచ్చినవారికి ఆ ఒక్క లైను గంట ప్రసంగం కన్నా ఎక్కువ చెబుతుంది. పెద్ద అక్షరాల కాపీలు కొన్ని వేరుగా ఉంచడం మరవకండి.

5. ప్రభువు బల్ల, కానుక, కరచాలనం: మూడింటికీ ‘వద్దు’ అనే దారి చూపించండి

ప్రభు సంస్కార భోజనం, అంటే ప్రభువు బల్ల దగ్గర ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం, ఎవరు తీసుకోవచ్చన్నది చర్చికొక రకంగా ఉంటుంది. 1968లో లాస్ ఏంజలెస్ దగ్గర పాస్టరు ట్రాయ్ పెర్రీ ఇంట్లో పన్నెండు మందితో మొదలైన మెట్రోపాలిటన్ కమ్యూనిటీ చర్చి వంటివి బల్లను అందరికీ తెరిచి ఉంచుతాయి. మీదీ అలాంటిదైతే పాస్టరు ఆ మాట ప్రతిసారీ పైకి చెప్పాలి. పాత సభ్యులకు విని విని విసుగొచ్చినా సరే. బల్లకు దూరంగా ఉంచబడి ఏడ్చినవారు ఆ ఆదివారం వెనక వరుసలో ఉండవచ్చు.

ఎవరు తీసుకోవచ్చో చెప్పి, ఎలా తీసుకోవాలో చెప్పకపోవడం మరో పొరపాటు. ముందుకు నడిచి రావాలా, కూర్చున్నచోటికే వస్తుందా? రొట్టె గిన్నెలో ముంచాలా, చిన్న గ్లాసు తీసుకోవాలా? అది ద్రాక్షసారాయా, ద్రాక్షరసమా? తాగుడు మానుకుని బతుకు నిలబెట్టుకున్నవారికి ఈ చివరి ప్రశ్న ప్రాణంతో సమానం. 1869లో థామస్ వెల్చ్ అనే మెథడిస్టు ద్రాక్షరసం పులియకుండా ఉంచే పద్ధతి కనిపెట్టింది ప్రభువు బల్ల కోసమే. గోధుమ పడనివారికి వేరే రొట్టె ఉంటే అదెక్కడ ఉందో చెప్పండి. ఏదీ తీసుకోకుండా కూర్చున్నవారి వైపు ఎవరూ తలతిప్పి చూడకూడదు.

కానుక పళ్లెం తిరిగేటప్పుడు ‘తొలిసారి వచ్చినవారు ఇవ్వాల్సిన పని లేదు, మీరు రావడమే చాలు’ అనండి. ఒకరికొకరు సమాధానం (శాంతి) చెప్పుకునే వేళ చేతులు కలపడం, కౌగిలించుకోవడం కొన్ని చర్చిల్లో జాతరలా సాగుతుంది. ఎవరు తాకితే భయపడతారో మీకు తెలియదు. చేయి గుండె మీద పెట్టి తల వంచితే కూడా సమాధానమేనని ముందే చెప్పి, పాస్టరే ఒకసారి అలా చేసి చూపిస్తే సరి.

కొత్తవారిని లేచి నిలబడమనడం, మైకు ఇచ్చి పేరు చెప్పమనడం, చప్పట్లు కొట్టించడం పూర్తిగా మానేయండి. దీనికి మినహాయింపు లేదు.

6. కెమెరా ఎటు చూస్తోందో చూడండి

ఆరాధనను నేరుగా ఇంటర్నెట్‌లో చూపించే చర్చిలు ఈ విషయం ఎంత తక్కువగా పట్టించుకుంటాయో! తాను స్వలింగ ప్రేమికుణ్ణన్న సంగతి ఇంట్లో ఇంకా చెప్పుకోని యువకుడు మీ చర్చిలో కూర్చుంటే, ఆ వీడియో అతని మేనమామ ఫోనులో కనిపించడానికి గంట పట్టదు. మరో సంఘంలో పాస్టరుగా ఉంటూ తన సందేహాలతో నలిగిపోయి చాటుగా వచ్చిన మనిషికి ఉద్యోగమే పోవచ్చు. కెమెరా ప్రసంగ పీఠం వైపే ఉండాలి. జనం మీదికి తిరిగేటట్టయితే, ఏ వరుసలు కనిపించవో తలుపు దగ్గరే రాసి పెట్టి, పలకరించేవారు నోటితో కూడా చెప్పాలి. బల్ల దగ్గరికి నడిచి వచ్చే సమయంలో ప్రసారం ఆపేయవచ్చు లేదా ఒక బొమ్మ చూపించవచ్చు. సంఘ పేజీలో ఫొటోలు పెట్టే ముందు అందులోని ప్రతి ఒక్కరినీ అడగండి. ‘మా సంఘంలో ఎలాంటివారున్నారో చూడండి’ అని కొత్త జంట ఫొటో పెట్టడం ఆతిథ్యం పేరుతో చేసే ప్రచారం.

7. పక్క చర్చిని వెక్కిరించకండి

ఇది ప్రగతిశీల సంఘాల ప్రత్యేక జబ్బు. ప్రసంగంలో సంప్రదాయ చర్చిల మీద ఒక చురక వేస్తే సభలో నవ్వులు పూస్తాయి. కానీ కొత్తగా వచ్చినవారి తల్లి ఈ ఆదివారం కూడా అదే చర్చిలో కూర్చుని ఉంది. వాళ్ళకు మొదటి పాట నేర్పింది అక్కడే. మీకు పాతబడిపోయిన కీర్తన వాళ్ళకు ఇప్పటికీ కంటతడి పెట్టిస్తుంది. వాళ్ళు ఆ చర్చి మీద కోపంగా ఉండవచ్చు. కోపం వాళ్ళది, దాన్ని మీరు అరువు తెచ్చుకోనక్కర్లేదు. మీరు దేన్ని కాదంటారో చెప్పే సమయంలో సగం దేన్ని నమ్ముతారో చెప్పడానికి వాడండి.

8. ఆరాధన ముగిశాక పది నిమిషాలు

పాత సభ్యులు ఒకరినొకరు వెతుక్కుని కబుర్లలో పడతారు, కొత్తవారు టీ కప్పుతో గోడ వారగా నిలబడతారు. దీనికి ఒక కట్టుబాటు పెట్టుకోండి: ఆశీర్వాదం తర్వాత మొదటి పది నిమిషాలు సంఘం పనులు, సొంత ముచ్చట్లు వద్దు, తెలియనివారితోనే మాట. ఒకరు మాట్లాడుతుంటే మరో ముగ్గురు వచ్చి చేరకూడదు. వెళ్ళిపోతున్నవారిని ‘టీ తాగి వెళ్ళండి’ అని ఒకసారి అనవచ్చు, రెండోసారి అనకండి.

అపొస్తలుల కార్యాలు ఎనిమిదో అధ్యాయంలో ఫిలిప్పు ఇథియోపియా అధికారి రథం పక్కకు పరుగెత్తి వెళ్ళి ఒక్క ప్రశ్న అడుగుతాడు: చదువుతున్నది అర్థమవుతోందా? ఆయన రమ్మని బతిమాలాకే రథమెక్కుతాడు. ఆ అధికారి నపుంసకుడు. ధర్మశాస్త్రం ప్రకారం అలాంటివారికి సమాజంలో ప్రవేశం లేదు. బాప్తిస్మం పొందాక ఆయన సంతోషిస్తూ తన దారిన వెళ్ళిపోయాడు. ఫిలిప్పు ఆయన చిరునామా రాసుకున్నట్టు ఎక్కడా లేదు.

9. ఆ తర్వాత

వివరాల కార్డు ఐచ్ఛికంగా ఉండాలి. అందులో ‘నన్ను సంప్రదించవద్దు’ అనే గడి కూడా ఉండాలి. నంబరు ఇచ్చినవారికి ఒకటి రెండు రోజుల్లో మూడు వాక్యాల సందేశం పంపండి: వచ్చినందుకు ధన్యవాదాలు, ప్రశ్నలుంటే ఈ నంబరుకు అడగవచ్చు, మళ్ళీ ఎప్పుడైనా రండి. చెప్పకుండా ఇంటికి వెళ్ళకండి. అడగకుండా వాట్సాప్ గ్రూపులో చేర్చకండి, అలా చేస్తే వాళ్ళ నంబరు అందరి చేతికీ వెళ్తుంది. రెండోసారి వచ్చినప్పుడు పని అప్పగించకండి. గిటారు వాయిస్తారని తెలిస్తే మన చేతులు ఊరుకోవు, తెలుసు. అయినా ఆగండి.

తిరిగి రాకపోతే మరో సందేశం వద్దు. నాలుగైదు వారాలు వరుసగా వస్తున్నవారితో మాత్రం పాస్టరు కాని సభ్యులు ఎవరైనా విడిగా కూర్చుని, ఇక్కడ ఏది అర్థం కాలేదో, ఎక్కడ ఇబ్బందిగా అనిపించిందో అడగాలి. చెప్పింది రాసుకోవాలి, సమర్థించుకోకూడదు. వచ్చే ఆదివారం కాగితం ముద్రణకు వెళ్ళేలోపు అందులో ఒక్కటైనా మార్చండి.