ఎల్లో వేర్ గిన్నె మీద అనుమానం వస్తే: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

ఎల్లో వేర్ అంటే పసుపు మట్టితో చేసి, పైన గ్లేజు (గాజులాంటి మెరుపు పొర) ఇచ్చిన పాత పాత్రలు.

సమస్య: గిన్నె పసుపుగానే ఉంది, చుట్టూ నీలం, తెలుపు పట్టీలూ ఉన్నాయి, కానీ పెచ్చు ఊడిన చోట లోపల తెల్లగా ఉంది.

కారణం: అది ఎల్లో వేర్ కాదు. ఎల్లో వేర్‌లో పసుపు రంగు మట్టిది. దానిపై గ్లేజు పారదర్శకంగా ఉంటుంది. తెల్లమట్టి మీద పసుపు గ్లేజు పూసినది వేరే రకం పాత్ర.

పరిష్కారం: డబ్బు చెల్లించకముందే గిన్నెను బోర్లించి, గ్లేజు అంటని అడుగు అంచును వెలుతురులో చూడండి. క్షణంలో అయ్యే ఈ పని వదిలేసి పట్టీల అందం చూసి కొనేవారు ఇప్పటికీ ఎక్కువే ఉండడం బాధ కలిగిస్తుంది.

సమస్య: ఎక్కడా తయారీదారు ముద్ర లేదు.

కారణం: చాలామంది ముద్ర వేయలేదు, అంతే. ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లోనూ, 1839 ప్రాంతంలో జేమ్స్ బెనెట్ కుండల పరిశ్రమకు నాంది పలికిన అమెరికాలోని ఒహాయో రాష్ట్రపు ఈస్ట్ లివర్‌పూల్‌లోనూ ఇదే పరిస్థితి. ‘ఇంగ్లండ్’ అన్న ముద్ర ఉంటే మాత్రం, అమెరికా దిగుమతి సుంకాల చట్టం కారణంగా, అది సాధారణంగా 1891 తరువాతిది.

సమస్య: మట్టి సరైనదే, అడుగు అంచూ సరైనదే, అయినా అంచు దగ్గర ఒకచోట మెరుపు కాస్త తేడాగా ఉంది.

కారణం: అన్నిటికంటే ఎక్కువగా మోసపుచ్చేది ఇదే. విరిగిన అంచును పూడ్చి, పైన రంగు చల్లి, వార్నిష్ పూసి ఉంటారు. పాత్ర నిజంగానే పాతది కాబట్టి అడుగు పరీక్షలో నెగ్గుతుంది, కొనేవారు అక్కడితో ఆగిపోతారు. చల్లిన రంగు మరమ్మతు చేసిన మేరకే ఆగదు, చుట్టూ బాగున్న గ్లేజు మీదకూ పాకుతుంది. అందువల్ల పాత గ్లేజులోని సన్నని వలలాంటి పగుళ్లు ఆ చోటికి రాగానే మాయమవుతాయి. అలా ఆగిన పగుళ్లే మొదటి ఆధారం.

పరిష్కారం: అంచు వెంట మునివేలు నడపండి, గ్లేజు చల్లగా తగులుతుంది, మరమ్మతు పూత అంత చల్లగా ఉండదు. గిన్నెను అరచేతిలో నిలిపి గోటితో తట్టినప్పుడు ఖంగుమనకుండా మొద్దుగా పలికితే పగులు ఉందని అనుమానించాలి. చీకటి గదిలో అతినీలలోహిత కాంతి టార్చి వేస్తే పూత తరచుగా మిగతా భాగం నుంచి విడిగా కనిపిస్తుంది. యజమాని అనుమతి లేకుండా అసిటోన్‌తో (రంగును కరిగించే ద్రావకంతో) తుడవకండి. మరమ్మతు రుజువైతే ఆ పాత్రను వదిలేయనక్కరలేదు, కానీ విరిగిన పాత్ర ధరకే అడగాలి.

సమస్య: పగుళ్లలో గోధుమ రంగు మరకలు దిగాయి.

కారణం, పరిష్కారం: గ్లేజు పగుళ్లలోంచి కొవ్వు, తేమ మట్టిలోకి ఇంకాయి. క్లోరిన్ బ్లీచ్ వాడితే దాని లవణాలు లోపల స్ఫటికాలై గ్లేజును పెచ్చులుగా లేపుతాయి, కాబట్టి దాన్ని దగ్గరకు రానీయకండి. మరకలు మరీ ఇబ్బంది పెడితే సిరామిక్ సంరక్షణ తెలిసినవారికి అప్పగించండి.

గ్లేజులో చిన్న గుంటలు, లోపల మూడు చుక్కల మచ్చలు కనిపిస్తే అవి బట్టీలో ఏర్పడినవే, పట్టించుకోనక్కరలేదు. పాత గ్లేజులో సీసం ఉండవచ్చు, అందుకని ఈ గిన్నెల్లో పులుపు వంటకాలు నిల్వ ఉంచకండి.