బయట వాయించే చిన్న గిటార్: ఎక్కడ మొరాయిస్తుంది, ఎందుకు, ఏమి చేయాలి

గత ఏప్రిల్‌లో భీమిలి తీరాన ఒక మధ్యాహ్నం అద్దాలు మూసిన కారులో మూడు గంటలు గిటార్‌ను వదిలేశాను. సాయంత్రం బయటికి తీసేసరికి బ్రిడ్జి (తీగల అడుగు కొసలను పట్టి ఉంచే, పై పలకకు అంటించిన చెక్కముక్క) వెనుక అంచు కింద కాగితం దూరేంత సందు ఏర్పడింది. ఆ గిటార్ ఖరీదు నాలుగు వేలు. బాగు చేయడానికి అడిగిన కూలి అందులో సగం. అప్పటి నుంచి మాతో కొండలకూ తీరాలకూ వచ్చే ప్రతి గిటార్ ఎక్కడ దెబ్బతింటోందో రాసి పెట్టుకుంటున్నాను. కింద పడి విరిగినవి తక్కువ, ఎండ, చెమ్మ పాడు చేసినవే ఎక్కువ. అందుకే ప్రతి సమస్య దగ్గరా రెండు సంగతులు చెబుతాను: చేతిలో ఉన్న గిటార్‌కు ఏమి చేయాలి, కొత్తది కొనేటప్పుడు ఏమి చూడాలి.

ఫ్రెట్లను వీణకు చెప్పినట్టే మెట్లు అంటున్నాను. తలవైపు తీగలు ఆనే పట్టీ నట్, బ్రిడ్జి మీద ఆనే పట్టీ శాడిల్.

బ్రిడ్జి లేచింది, లేదా దాని వెనుక పై పలక ఉబ్బింది

పెద్ద గిటార్‌కు 12 నంబరు ఉక్కు తీగలు (నంబరు అంటే అన్నిటికంటే సన్న తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) బిగిస్తే ఆరూ కలిసి 70 కిలోలకు పైగా లాగుతాయి. ఆ బరువంతా అరచేతి వెడల్పు చెక్కముక్క కింద ఉన్న జిగురు మోయాలి. ఈ పనికి వాడే చెక్క జిగురు 60 డిగ్రీలు దాటితే మెత్తబడటం మొదలవుతుంది. వేసవిలో ఎండన నిలిపిన కారులో, అదీ నల్లటి సంచిలో, అంత వేడి చేరడం కష్టం కాదు. చవక గిటార్లలో మరో లోపమూ ఉంటుంది. చెక్క మీద అంటించవలసిన బ్రిడ్జిని మెరుగు పూత మీదే అంటించేస్తారు. అప్పుడు జిగురు చెక్కను కాక పూతను పట్టుకుంటుంది, పూతతో సహా ఊడుతుంది.

సందు కనిపించిన వెంటనే ఆరు తీగలనూ పూర్తిగా వదులు చేయండి. మిగిలిన పనులన్నీ తరువాత. సందులో ఫెవికాల్ పోసి చేత్తో అదిమితే నిలవదు, పైగా రేపు బాగు చేసేవారికి ఆ జిగురు గీకడం అదనపు పని. సరైన పద్ధతి బ్రిడ్జిని పూర్తిగా ఊడదీసి, పాత జిగురునూ కింది పూతనూ గీకి, చెక్క జిగురు పూసి, బిగింపు పట్టీతో ఒక రోజు నొక్కి ఉంచడం. కూలి ఎక్కువ అనిపిస్తే ఇంకో దారి ఉంది. తీగల చివరలను గిటార్ అడుగు అంచుకు పట్టే లోహపు టెయిల్‌పీస్ బిగిస్తే లాగుడు బ్రిడ్జి మీది నుంచి తప్పిపోతుంది. శబ్దం కొంచెం మారుతుంది, గిటార్ మాత్రం బతుకుతుంది. నా గిటార్‌కు నేను చేయించింది ఇదే.

నైలాన్ తీగల గిటార్ మీద ఈ భారం దాదాపు సగమే ఉంటుంది, అందుకే బయట తిరగడానికి అది గట్టి ఎంపిక. కానీ నైలాన్ గిటార్‌కు శబ్దం పెరగాలని ఉక్కు తీగలు వేసేవారు మనలో చాలామంది ఉన్నారు. అది ఆ బ్రిడ్జిని చేతులారా ఊడబెరకడమే, దయచేసి చేయవద్దు.

తీగలు ఎత్తుగా ఉన్నాయి, వేళ్లు నొప్పి పెడుతున్నాయి

పన్నెండో మెట్టు పైన స్టీలు స్కేలు పెట్టి కొలవండి. సన్న తీగ కింద 2 మిల్లీమీటర్లు, లావు తీగ కింద రెండున్నర ఉంటే హాయిగా వాయించవచ్చు. మూడు దాటితే వేళ్లు చెబుతాయి. అయితే శాడిల్ అరగదీయడానికి తొందరపడకండి, ముందు మెడను చూడాలి. లావు తీగను మొదటి మెట్టు దగ్గరా, మెడ పెట్టెను కలిసే మెట్టు దగ్గరా ఒకేసారి నొక్కి ఉంచి, ఏడో మెట్టు మీద తీగకూ మెట్టుకూ మధ్య ఖాళీ చూడండి. విజిటింగ్ కార్డు బిగువుగా పడితే మెడ బాగున్నట్టే. రెండు కార్డులు సులువుగా దూరితే మెడ తీగల వైపు వంగింది. మెడ లోపల వంపు సరిచేయడానికి ఉండే లోహపు కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ను, ఆలెన్ కీతో గడియారం ముల్లు తిరిగే వైపు పావు చుట్టు మాత్రమే తిప్పి, మర్నాడు మళ్లీ కొలవాలి. బలవంతంగా తిప్పితే రాడ్ తెగుతుంది, ఆ తరువాత చేయగలిగింది ఏమీ ఉండదు.

మెడ తిన్నగా ఉండీ తీగలు ఎత్తుగా ఉంటే తప్పు శాడిల్‌ది, లేదా వానకాలపు చెమ్మకు పై పలక ఉబ్బింది. పన్నెండో మెట్టు దగ్గర ఒక మిల్లీమీటరు దిగాలంటే శాడిల్ అడుగున రెండు మిల్లీమీటర్లు తీయాలి. గాజు పలక మీద గరుకు కాగితం పరిచి, శాడిల్‌ను నిలువుగా పట్టుకుని అడుగు సమంగా రుద్దండి. విశాఖ, కాకినాడ వంటి చోట్ల ఉండేవారు రెండు శాడిళ్లు ఉంచుకుంటే మేలు. వానకాలానికి పొట్టిది, వేసవికి పొడుగుది. ఖర్చు చాలా తక్కువ.

కొనేముందు ట్రస్ రాడ్ ఉందో లేదో అడగండి. లేని చవక గిటార్‌కు మెడ ఒకసారి వంగితే సరిచేసే దారి ఉండదు.

తీగలు గరగరలాడుతున్నాయి

చిన్న గిటార్ కొన్న ప్రతి ఒక్కరూ ఈ మాట అంటారు, తయారీ లోపం అనుకుంటారు. చాలాసార్లు కారణం లెక్కలోనే ఉంది. ఒకే తీగ ఒకే శ్రుతిలో ఉన్నప్పుడు బిగువు దాని పొడవు వర్గాన్ని బట్టి మారుతుంది. నట్ నుంచి శాడిల్ వరకు పెద్ద గిటార్‌లో ఇరవై ఐదున్నర అంగుళాలు, లిటిల్ మార్టిన్ అనే చిన్న గిటార్‌లో 23. అంటే అదే తీగ చిన్న గిటార్ మీద సుమారు 19 శాతం తక్కువ బిగువుతో ఉంటుంది. యమహా జేఆర్ రకాల్లో పొడవు 540 మిల్లీమీటర్లే కాబట్టి బిగువు ఇంకా తగ్గుతుంది. చిన్న గిటార్‌కు సన్న తీగలు సరిపోతాయని 10 నంబరు వేస్తే అవి వదులుగా ఊగి మెట్లకు తగులుతాయి. 12 నంబరు వేయండి. పొడవు తక్కువ కాబట్టి బ్రిడ్జి మీద భారం పెద్ద గిటార్‌కు 10 నంబరు తీగలు వేసినంతే అవుతుంది. ఈ ఒక్క మార్పుతో మా బృందంలో మూడు గిటార్లు బాగుపడ్డాయి.

గిటలేలే అనే బుల్లి నైలాన్ వాయిద్యాన్ని కొందరు గిటార్ శ్రుతికి దించుతారు. యమహా జీఎల్1 తీగ పొడవు 433 మిల్లీమీటర్లే. దాని శ్రుతి గిటార్ ఐదో మెట్టు మీద కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి ఉంచే క్లిప్పు) పెట్టినంత పైన ఉంటుంది. అక్కడే ఉంచాలి, దించితే గరగర తప్పదు.

తీగ మార్చినా గరగర మొదటి మూడు నాలుగు మెట్ల దగ్గరే మిగిలితే మెడ వెనక్కి వంగింది, రాడ్‌ను పావు చుట్టు వదులు చేయండి. ఒకే ఒక్క మెట్టు దగ్గరైతే దాని తరువాత, బ్రిడ్జి వైపు ఉన్న మెట్టు లేచి ఉంటుంది. ఏ మెట్టు నొక్కినా వినిపిస్తే ముందు ట్యూనింగ్ కీల నట్లు వదులయ్యాయేమో చూడండి.

శ్రుతి నిలవడం లేదు

కొత్త తీగలైతే వేలితో మెల్లగా పైకి లాగి మళ్లీ శ్రుతి చేయండి, మూడు నాలుగుసార్లకు కుదురుకుంటాయి. కీ తిప్పుతుంటే టిక్కుమని శబ్దం వచ్చి శ్రుతి ఒక్కసారిగా ఎగిరితే తీగ నట్ గాడిలో ఇరుక్కుంటోంది. ఆ గాడిలో పెన్సిల్ మొన రుద్దితే చాలు. కీ దానంతట అదే వెనక్కి తిరుగుతుంటే దాని చివర ఉన్న చిన్న స్క్రూ బిగించాలి.

లంబసింగికి చలికాలం వెళ్లేవారికి ఇంకో అనుభవం ఎదురవుతుంది. రాత్రి గుడారంలో సరిచేసిన శ్రుతి తెల్లవారుజామున పొగమంచులో పైకి పోతుంది. చలికి ఉక్కు తీగ కుంచించుకుంటుంది, అంతే. గిటార్‌లో లోపం లేదు. బయట గాలికి పావుగంట అలవాటు పడనిచ్చి అప్పుడు శ్రుతి చేయండి. గాలి వీచే చోట ఫోను యాప్ తికమక పడుతుంది. గిటార్ తలకు తగిలించే క్లిప్ ట్యూనర్ చెక్క కంపనాన్ని పట్టుకుంటుంది కాబట్టి దానికి గాలితో పని లేదు.

మెట్ల చివరలు చేతికి గీసుకుంటున్నాయి

ఇది తెలంగాణ, రాయలసీమ ఎండల జబ్బు. పొడి గాలికి మెడ చెక్క కుంచించుకుంటుంది, లోహం కుంచించుకోదు, చివరలు బయటికి వస్తాయి. గిటార్‌కు నచ్చే గాలి తేమ 45 నుంచి 55 శాతం. సబ్బు పెట్టెకు చిల్లులు పెట్టి, తడిపి గట్టిగా పిండిన స్పాంజి అందులో ఉంచి, సంచిలో గిటార్ పక్కన పెట్టండి. రెండు వారాలకు కొంత సర్దుకుంటుంది. అప్పటికీ గీసుకుంటే సన్న ఆకురాయితో అంచులు రుద్దించుకోవచ్చు.

తీగలకు తుప్పు, పెట్టెకు బూజు

వాయించిన ప్రతిసారీ పొడి నూలు గుడ్డతో తీగల పైనా కిందా తుడవండి. ఉప్పు గాలిలో ఇది మానితే తీగలు వారం కూడా నిలవవు. వానకాలంలో గిటార్‌ను రెక్సిన్ సంచిలో మూసి మంచం కింద పెట్టవద్దు. పెట్టె అంచుల్లో సూది చిల్లులు, కింద పిండిలాంటి పొడి కనిపిస్తే పుచ్చు పట్టింది. ఇంట్లో మిగతా చెక్క సామానుకు దూరంగా తీసి, చెక్క పురుగు మందు తెలిసినవారి చేత వేయించండి.

ఇంట్లో బాగా మోగింది, బయట వినిపించడం లేదు

గదిలో గోడలు శబ్దాన్ని తిరిగి పంపుతాయి. తీరంలో అది వెళ్లిపోతుంది, వెనక్కి రాదు. చిన్న పెట్టెకు మంద్రం సహజంగానే తక్కువ. రాతి గోడ ముందు, దానికి వీపు పెట్టి కూర్చోండి, వినేవారిని దగ్గరగా, ఎదురుగా కూర్చోబెట్టండి. పలుచని పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ల) బదులు కొంచెం మందమైనది వాడండి. దీనికోసం పెద్ద గిటార్ కొనవలసిన అవసరం లేదు.

ఇక కొనడం

అంగడిలో సాలిడ్ టాప్, అంటే ఒకే పలక పై భాగం ఉన్నదే గొప్పదని చెబుతారు. ఇంట్లో వాయించడానికి నిజమే, శబ్దం నిండుగా ఉంటుంది. బయటికి మాత్రం నా సలహా పొరల చెక్క, అంటే ప్లై. పొరలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి కాబట్టి చెమ్మకు తక్కువగా ఉబ్బుతుంది, పొడికి చీలిక రావడం అరుదు. బేబీ టేలర్ బీటీ1 మీద స్ప్రూస్ చెక్క ఒకే పలక ఉంటుంది. అందమైన శబ్దం, కానీ దాన్ని ఎండన వదిలే ధైర్యం నాకు లేదు. లిటిల్ మార్టిన్ ఎల్ఎక్స్ఎం రకంలో వంటింటి బల్లల మీద అంటించేలాంటి గట్టి లామినేట్ వాడారు. ఎన్యా నోవా గో అసలు చెక్కే కాదు, కార్బన్ కలిపిన పాలీకార్బోనేట్. చెమ్మతో దానికి పేచీ లేదు. మూడు నాలుగు వేలలో దొరికే 38 అంగుళాల గిటార్లలోనూ మంచివి ఉంటాయి, ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని చూస్తేనే తెలుస్తుంది. బ్రిడ్జి చుట్టూ కాగితం దూర్చి చూడండి, పన్నెండో మెట్టు కొలవండి, ప్రతి మెట్టూ నొక్కి వినండి. అంగడివారు విసుక్కుంటే ఇంకో అంగడికి వెళ్లండి.

విమానంలో చేతి సామానుగా తీసుకెళ్లవచ్చని చిన్నది కొనేవారు ఒకటి గమనించాలి. దేశీయ విమానాల్లో చేతి సంచి పొడవు 55 సెంటీమీటర్లు. గిటలేలే కూడా 70 ఉంటుంది. టికెట్ తీసేముందే ఆ సంస్థను అడగాలి, సామానులో వేయవలసి వస్తే గట్టి పెట్టె కావాలి. తీగలు రెండు స్వరాలు దించి, తల కింద మెత్తని గుడ్డ చుట్టి కదలకుండా నింపండి. విరిగేది ఎప్పుడూ తల, మెడ కలిసే చోటే. రైలులో అయితే పై బెర్తు మీద, మీ తల పక్కన. బస్సులో డిక్కీకి ఇవ్వవద్దు, ఒడిలో పెట్టుకోండి.